రామప్పపంతులు లేనిదే శంకరశాస్త్రి లేడు

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఆయనకు నలభై ఆరేళ్లు. ఇరవై ఏళ్లుగా అక్కడి తెలుగు నాటక సమాజంలో వేషాలు వేస్తున్నారు. ఈ మధ్య ఒక టీవీ సీరియల్‌లో తాత పాత్రకు పిలుపు వచ్చింది. జె.వి. సోమయాజులు గారు యాభై దాటిన తరువాత, శంకరాభరణంలో శంకరశాస్త్రి పాత్ర వేసి, ఒక్క సినిమాతో మహానటుడయ్యారు కదా, అది అదృష్టమా, సాధనా అన్నది ఆయన మొదటి సందేహం. ఆ తరువాత ఆ నటుడికి ఇంచుమించు ఒకే మూసలోని పాత్రలు ఎందుకు వచ్చాయన్నది రెండవది. తనవంటి ఉద్యోగస్థుడు, అందులోనూ సరిహద్దుకు ఇవతల ఉండి తెలుగు నాటకం ఆడేవాడు, ఆ జీవితం నుంచి ఏమి నేర్చుకోవచ్చునన్నది మూడవది.

నేను పర్లాకిమిడిలో ముప్పై అయిదేళ్లు తెలుగు పాఠాలు చెప్పి, అంతకంటే ఎక్కువ కాలమే నాటకాలు ఆడి, ఆడించి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో గ్రీన్‌రూమ్‌లోని కుర్చీకి పరిమితమైనవాణ్ణి. సినిమా రంగంతో నాకు ఏ సంబంధమూ లేదు. కనుక నాటకం వైపు నుంచి కనిపించినంత మేరకే చెబుతాను. ఆ వైపు నుంచి చూస్తే మీ మొదటి ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఆయన ఒక్క సినిమాతో మహానటుడు కాలేదు. ఆయన నటుడన్న సంగతి ఒక్క సినిమాతో దేశానికి తెలిసింది. ఈ రెండింటికీ నడుమ కొన్ని దశాబ్దాల నాటకం ఉంది. ఆ నాటకంలో ఆయన వేసినది శంకరశాస్త్రికి పూర్తిగా విరుద్ధమైన వేషం కావడమే నేను చెప్పదలచుకున్న అసలు విషయం.

ముందుగా ఊరి సంగతి. జొన్నలగడ్డ వెంకట సోమయాజులు గారు 1928లో లుకలాం అగ్రహారంలో పుట్టారు. అది నరసన్నపేట వైపు ఉన్న ఊరు. మనలో చాలామంది ఆయనను ఆంధ్రదేశపు నటుడనీ, మనం ఒడిశాలో ఉన్నవాళ్లమనీ వేరుగా లెక్క వేసుకుంటారు. ఆయన పుట్టిన నాటికి ఆ లెక్క లేదు. లుకలాం, పర్లాకిమిడి, బరంపురం అన్నీ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఒకే గంజాం జిల్లా కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత పడింది, మనం ఇటు, వాళ్లు అటు అయ్యాము. ఆయన నోట పలికిన ఉత్తరాంధ్ర యాస మనకు పరాయిది కాదు. మా ఇంట్లో పెద్దవాళ్లు పలికిన పలుకే అది. ఒడియా మాటలు నాలుగు ఎక్కువ కలిసి ఉండవచ్చు, అంతే.

ఈ పలుకు సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆయన నాటక జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, మళ్లీ ఎంతో పెరిగి 1909లో రెండవ కూర్పుగా వచ్చింది. ఆ నాటకం నిలబడింది వాడుక భాష మీద. అదే వాడుక భాష కోసం గురజాడవారి బాల్యమిత్రుడు గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఉద్యమం నడిపారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనే నేనూ పాఠాలు చెప్పానని మావాళ్లు సభల్లో అంటూ ఉంటారు. ఆ పోలిక నాకు సిగ్గు తెప్పించేదే గాని గర్వం తెప్పించేది కాదు. చెప్పవచ్చినదేమిటంటే, కన్యాశుల్కం ఆడేవాడు పద్యనాటకంలోలాగా రాగం తీసి తప్పించుకోలేడు. హార్మోనియం ఆదుకోదు. వన్స్‌మోర్ కేకలు ఉండవు. మనిషి మనిషితో మాట్లాడుతున్నట్టుగా మాట్లాడాలి, ఆ మాట చివరి బెంచీ దాకా వినిపించాలి. ఇది చాలా కష్టమైన పని. పద్యం బాగా పాడగలవాళ్లు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వచనం బాగా పలకగలవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సోమయాజులు గారు, ఆయన తమ్ముడు జె.వి. రమణమూర్తి గారు కలిసి ఈ నాటకాన్ని తమ జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. నలభై అయిదేళ్ల వ్యవధిలో దాదాపు అయిదు వందల ప్రదర్శనలు ఇచ్చారని చెబుతారు. ఈ అంకెను చూసి నోరు తెరిచేవాళ్లే గాని విడదీసి చూసేవాళ్లు తక్కువ. ఏడాదికి పదకొండో పన్నెండో, అంటే నెలకు ఒక్కటి. ఇది రోజూ ముఖానికి రంగు పూసుకొని పొట్టపోసుకునే వృత్తి నటుడి లెక్క కాదు. వారమంతా కచేరీలో దస్త్రాలు చూసి, సెలవు పెట్టుకొని రైలెక్కి, ఒక రాత్రి ఆడి, తెల్లవారి మళ్లీ విధుల్లో చేరే ఉద్యోగస్థుడి లెక్క. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ కలెక్టరు స్థాయికి వచ్చిన అధికారి. తెలుగు నాటకంలో ఇది కొత్త సంగతేమీ కాదు. బళ్లారి రాఘవగారు వకీలుగా పేరు పొందుతూనే నాటకాన్ని ఏలారు, తరువాత 1939లో వచ్చిన రైతుబిడ్డ వంటి కొద్ది చిత్రాల్లో మాత్రమే కనిపించారు. అన్నం ఒకచోట, ఆరాధన ఒకచోట పెట్టుకున్న ఈ వరుసలోనివారే సోమయాజులు గారు. మీరు కూడా ఆ వరుసలోనే ఉన్నారు గనుక ఈ మాట గుర్తు పెట్టుకోవలసి ఉంది.

ఇప్పుడు రామప్పపంతులు దగ్గరికి వద్దాము. ఇక్కడ కొంత సేపు ఆగుతాను. ఎందుకంటే సోమయాజులు గారి గురించి రాసేవాళ్లు ఈ పాత్ర పేరు చెప్పి దాటిపోతారే గాని, ఇది ఎటువంటి పాత్రో, నటుడిని ఏమి చేస్తుందో చెప్పరు. రామప్పపంతులు రామచంద్రపురం అగ్రహారంలో తగవులు పెట్టి, తగవులు తీర్చి, దొంగ సాక్ష్యాలు కూర్చి బ్రతికేవాడు. ఊళ్లో అందరికంటే తానే తెలివైనవాడినని అతని ధీమా. తీరా చూస్తే నాటకంలో అతణ్ణి మోసం చేయనివాళ్లు లేరు. మధురవాణి ఆడిస్తుంది, గిరీశం తప్పుకుంటాడు, కరటకశాస్త్రి ఆడపిల్ల వేషం వేసిన శిష్యుణ్ణి పెళ్లికూతురని నమ్మించి ముసలి లుబ్ధావధాన్లుతో పెళ్లి జరిపించేస్తాడు. మంచం కింద ఇద్దరు దాక్కుంటే, పూటకూళ్లమ్మ చీపురుదెబ్బలు తగిలేది ఈయనకే. కంటె అనే మెడ నగ కోసం ఈయన పడే అవస్థ చదువుతుంటేనే పొట్ట చెక్కలవుతుంది.

ఈ పాత్రలో నటుడికి పొంచి ఉన్న ప్రమాదం ఏమిటంటే, అతడు విదూషకుడైపోవడం. నవ్వు తేలికగా వస్తుంది గనుక వేషధారి దానికి ఆశపడి కళ్లు తిప్పుతాడు, పంచె ఎగగడతాడు, గొంతు కీచుమనిపిస్తాడు. మొదటి అంకంలో జనం విరగబడి నవ్వుతారు, మూడవ అంకం వచ్చేసరికి విసుగు చెందుతారు. రామప్పపంతులు తనను తాను ఎన్నడూ హాస్యగాడిననుకోడు. అతడు గంభీరంగా, పెద్దమనిషి తరహాగా, నిండైన విగ్రహంతో నడవాలి. ఆ గాంభీర్యం కింద పునాది లేదన్న సంగతి ప్రేక్షకుడికి తెలియాలి, అతనికి తెలియకూడదు. అతడు ఎంత హుందాగా ఉంటే మనకు అంత నవ్వు వస్తుంది. 1955లో వచ్చిన సినిమాలో ఈ పాత్రను సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు వేశారు. ఆ ముద్ర ప్రేక్షకుల మనస్సులో ఉండగా అదే వేషంతో రంగస్థలం మీద దశాబ్దాల తరబడి నిలబడటం సామాన్యమైన విషయం కాదు.

సోమయాజులు గారి విగ్రహం ఈ పాత్రకు ఎంతో అనువైనది. ఎత్తైన మనిషి, విశాలమైన నుదురు, తీక్షణమైన కళ్లు, బరువైన కంఠం. ఆయన ఉద్యోగం కూడా ఈ వేషానికి తోడ్పడి ఉంటుందని నేను అనుకుంటాను. రెవెన్యూ అధికారి ఎదుట రోజూ నిలబడే అర్జీదారుల్లో రామప్పపంతుళ్లు తక్కువగా ఉండరు. లేని హక్కును ఉన్నదానికంటే ధీమాగా చెప్పే గొంతును ఎన్నిసార్లో విని ఉంటారు. ఇది నా ఊహే. అయినా మా సమాజంలో తాలూకా కచేరీ గుమాస్తా ఒకాయన ఈ వేషం వేసినప్పుడు దాని నిజం నాకు కొంత కనిపించింది. ఆయన నటించలేదు, తాను చూసినవాణ్ణి తెచ్చి నిలబెట్టాడు.

శంకరశాస్త్రి సంగతి ఇక్కడే మొదలవుతుంది. కె. విశ్వనాథ్ గారి దర్శకత్వంలో, ఏడిద నాగేశ్వరరావుగారి నిర్మాణ సంస్థ పూర్ణోదయ నుంచి శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలయింది. అప్పటికి సోమయాజులు గారికి యాభై ఒకటి నిండాయి. అంతకుముందు ఒకటి రెండు చిత్రాల్లో కనిపించినా జనానికి ఆయన ముఖం తెలియదు. రమణమూర్తిగారు మాత్రం 1957లోనే, ఎం.ఎల్.ఏ. చిత్రంతో, తెర మీదికి వచ్చి ఉన్నారు. తమ్ముడు ముందు వెళ్లిన దారిలో అన్న ఇరవై మూడేళ్లు ఆలస్యంగా వెళ్లారన్నమాట. ఆ ఆలస్యమే మేలయింది. ముప్పై ఏళ్ల వయస్సులో వెళ్లి ఉంటే ఆయనకు ఏ పోలీసు అధికారి వేషాలో, కథానాయకుడి అన్న వేషాలో దొరికి ఉండేవి.

మా ఊళ్లో ఆ సినిమా ఆడేదాకా ఆగలేక మేము నలుగురం పాతపట్నం వెళ్లి చూశాము. తెలిసిన హీరో లేడు, ముసలాయన పాటలు పాడుకుంటాడట అని వెళ్లేముందు మాలో ఒకాయన గొణిగాడు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ తరువాత మరో నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి కథ చూశాను, మిగిలిన సార్లు ఆయన చేతులు చూశాను.

చేతులు అని ఎందుకన్నానో చెబుతాను. శంకరశాస్త్రి మహా గాయకుడు. సోమయాజులు గారు గాయకుడు కారు. ఆ కంఠం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిది. వచన నాటకంలో పెరిగిన నటుడు, పాడటమే ప్రాణమైన మనిషిగా కనిపించాలి. సినిమాలో పాటకు పెదవులు కదపడం ఎవరైనా చేస్తారు. కాని శాస్త్రీయ సంగీతం పాడేవాడి శరీరం పెదవుల దగ్గర ఆగదు. ఊపిరి ఎక్కడ పీల్చాడో పక్కటెముకల్లో తెలుస్తుంది, స్వరం పైకి వెళ్లినప్పుడు మెడ నరం తెలుస్తుంది, తాళం తొడ మీద తెలుస్తుంది. ఇవన్నీ ఆయన పట్టుకున్నారు. గుళ్లో, వానలో పాడే ఘట్టంలో ఆయన ముఖాన్ని కాకుండా ఛాతీని చూడండి. పాట ఎవరిదో మరిచిపోతారు. ఆ గానానికి బాలసుబ్రహ్మణ్యం గారికి, వాణీ జయరాంగారికి, సంగీతానికి కె.వి. మహదేవన్‌గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. చిత్రానికి కూడా, ప్రజాదరణతో పాటు ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చినదిగా, స్వర్ణకమలం వచ్చింది.

ఇక మాట. నాటకం వాళ్లు సినిమాకు వెళితే దర్శకులు మొదట అనేది, గొంతు తగ్గించండి అని. మనది వేలాడే మైకు కింద నిలబడి చివరి బెంచీని చూసి మాట్లాడే అలవాటు. విశ్వనాథ్ గారు దర్శకుడు కావడానికి ముందు వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకుడిగా పనిచేసినవారు. చెవి ఉన్న మనిషి. ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర గారు సహజమైన వెలుతురును ఇష్టపడేవారు. అటువంటి ఇద్దరి చేతిలో పడటం సోమయాజులు గారి అదృష్టం, దాన్ని నేను కాదనను. ఆ చిత్రంలో ఆయన అరిచేది బహు తక్కువ. పెళ్లిచూపుల్లో కూతురు సామజవరగమన పాడుతూ హిందోళంలో లేని రిషభం పలికినప్పుడు "శారదా" అని ఒక్క కేక వేస్తారు. ఆ ఒక్క కేకకు హాలంతా ఉలిక్కిపడిందంటే అంతవరకూ ఆయన గొంతును ఎంత దాచి ఉంచారో ఆలోచించండి. ఎక్కడ దాచాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడం ఒక రోజులో వచ్చే విద్య కాదు. ఏళ్ల తరబడి ఎన్నో రాత్రులు రామప్పపంతులును హుందాగా నిలబెట్టి, ఎదుటివాళ్లు చీపురు ఎత్తేవరకూ తన పెద్దరికాన్ని సడలనివ్వకుండా నడిపినవాడికి వచ్చే విద్య.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, శంకరశాస్త్రి గాంభీర్యం, రామప్పపంతులు గాంభీర్యం నటుడి శరీరంలో ఒకచోటి నుంచే వచ్చాయి. మొదటిదాని కింద నిజం ఉంది, రెండవదాని కింద అబద్ధం ఉంది. పైకి కనిపించే నడక, తల ఎత్తే తీరు, ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగి చూసే చూపు, ఇవన్నీ ఒకటే. అబద్ధపు పెద్దరికాన్ని లోపలి నుంచి ఎరిగినవాడు గనుకనే నిజమైన పెద్దరికంలో ఎక్కడా అతిశయం రానివ్వలేదు. మాధవయ్య పాత్రలో అల్లు రామలింగయ్యగారు ఎదురుగా ఉండి వేళాకోళం చేస్తుంటే శాస్త్రి ముఖంలో వచ్చే చిన్న సడలింపు చూడండి. హాస్యం తెలియని నటుడికి అది రాదు.

రెండవ ప్రశ్న. ఆ తరువాత ఏమయింది? అదే ఏడాది బాపుగారి వంశవృక్షంలో, 1981లో మళ్లీ విశ్వనాథ్ గారి సప్తపదిలో, బాపుగారి త్యాగయ్యలో ఆయన వేశారు. మూడింటిలోనూ పెద్దవాడు, శ్రోత్రియుడు లేదా భక్తుడు. తరువాత చాలా చిత్రాల్లో పూజారిగా, గురువుగా, తాతగా కనిపించారు. పంచె, ఉత్తరీయం, విభూతి, ఆశీర్వాదం. ఇది పరిశ్రమ చేసిన పని. జనం ఒకసారి దణ్ణం పెట్టిన ముఖాన్ని వాళ్లు మరో విధంగా చూపడానికి సాహసించరు. రామప్పపంతులును అయిదు వందలసార్లు వేసిన మనిషికి తెర మీద ఆ స్థాయి టక్కరి వేషం ఒక్కటీ గుర్తుండేలా దొరకకపోవడం తెలుగు సినిమాకు జరిగిన నష్టమని నేను గట్టిగా నమ్ముతాను. ఆయనకు నష్టమా అంటే, అంత తేలికగా చెప్పలేను. ఆయనకు నాటకం ఉండనే ఉంది. సినిమాలో దొరకనిదాన్ని వెతుక్కోవడానికి ఆయన ఎక్కడికీ పోనవసరం లేకపోయింది.

త్యాగయ్య గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దాన్ని అన్యాయంగా తీసిపారేస్తారు. 1946లో చిత్తూరు నాగయ్యగారు తానే దర్శకత్వం వహించి, తానే పాడి, నటించిన త్యాగయ్య ఉంది. నాగయ్యగారికి పాట, నటన వేరు కావు. ఆ పాత్రను ముప్పై అయిదేళ్ల తరువాత పాడని నటుడు వేయడమంటే ఓటమికి సిద్ధపడి దిగడమే. శంకరాభరణానికి వచ్చిన ఆదరణ దానికి రాలేదు. అయితే శంకరశాస్త్రిలోని రోషం త్యాగయ్యలో లేకుండా చూసుకున్నారు. ఒకే ఆహార్యంలో, ఒకే కంఠంతో, రెండు భిన్నమైన మనుషులను చూపడానికి ప్రయత్నించారు. ఒకరు సంగీతాన్ని కాపాడాలని నిలబడినవాడు, మరొకరు సంగీతంలో తలదాచుకున్నవాడు. నాటకం వేసేవాళ్లు ఈ రెండు చిత్రాలనూ వెంట వెంటనే చూడాలి.

సప్తపదిలోని యాజులు మాత్రం నా దృష్టిలో శంకరశాస్త్రి కంటే కష్టమైన పాత్ర. జీవితమంతా ఆచారమే శ్వాసగా బ్రతికిన వృద్ధుడు, తన మనుమరాలి మనస్సు ఒక దళిత యువకుడి దగ్గర ఉందని తెలిసి, చివరికి తానే ఆమెను అతని వెంట పంపడానికి ఒప్పుకోవాలి. ఇక్కడ పాట ఆదుకోదు. లోపల జరిగే మార్పును బయటికి ఒకేసారి కుమ్మరిస్తే నాటకీయంగా ఉంటుంది, అసలే చూపకపోతే నమ్మబుద్ధి కాదు. జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గిస్ దత్ పురస్కారం పొందిన ఆ చిత్రం బరువును మోసినవారిలో ఆయన ముఖ్యుడు. మా వైపు అగ్రహారాల్లో ఆ సినిమా మీద ఎంత రగడ జరిగిందో ఇప్పటివాళ్లకు తెలియదు. ఒకాయన సగంలో లేచి వెళ్లిపోయి, మర్నాడు మిగతా సగం చూడటానికి మళ్లీ టిక్కెట్టు కొన్నాడు.

ఈ మూస సంగతిలో నాకూ ఒక పాపం ఉంది, చెప్పుకుంటాను. శంకరాభరణం వచ్చిన తరువాత మూడు నాలుగేళ్ల పాటు మా రంగస్థలం మీద గంభీరమైన ప్రతి వృద్ధుడూ శంకరశాస్త్రి అయిపోయాడు. భీష్ముడు అలాగే నడిచాడు, విశ్వామిత్రుడు అలాగే ఉత్తరీయం సర్దుకున్నాడు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు వేషధారికి నేనే, దర్శకుడి హోదాలో, శంకరశాస్త్రిలా నిలబడమని చెప్పాను. ఆయన చెప్పినట్టే చేశాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. కాని వకీలు పంతులుగారు నోరు తెరిచినప్పుడల్లా ఇప్పుడు పాట అందుకుంటారేమోనని జనం ఎదురుచూస్తున్నట్టు నాకు పక్కతెర వెనుక నుంచి తెలుస్తూనే ఉంది. సౌజన్యారావు బుద్ధిమంతుడు, కొంత చాదస్తుడు, మధురవాణి ముందు తడబడేవాడు. ఆ తడబాటంతా నేను చంపేశాను. సోమయాజులు గారిని అనుకరించబోయి, సోమయాజులు గారు ఎన్నడూ చేయని పనిని చేయించాను. ఆయన ఒక పాత్రను మరో పాత్ర మీద కప్పలేదు.

ఇక మీ మూడవ ప్రశ్న. సీరియల్ వాళ్లు మిమ్మల్ని తాత పాత్రకు పిలిచారంటే మీ తల నెరిసింది గనుక పిలిచి ఉంటారు. నొచ్చుకోకండి, అక్కడ తొంభై పాళ్లు జరిగేది అదే. వెళ్లండి. కాని ఉద్యోగం వదలకండి, దీర్ఘకాలపు సెలవు మీద కూడా వెళ్లకండి. సోమయాజులు గారు తెర మీదికి వెళ్లినప్పుడు ఆయన వెనుక ప్రభుత్వోద్యోగం ఉంది. కడుపు కోసం వేషం ఒప్పుకోవలసిన అవసరం లేని మనిషి ముఖంలో ఒక నిబ్బరం ఉంటుంది, కెమెరా దాన్ని పట్టుకుంటుంది. మీరు ప్రభుత్వ ఉపాధ్యాయులు గనుక పారితోషికం తీసుకొని నటించడానికి ముందుగా అనుమతి కోరుతూ ప్రధానోపాధ్యాయుల ద్వారా జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఊళ్లో నాటకానికి ఎవరూ అడగకపోవచ్చు, టీవీలో మీ ముఖం కనిపించిన మర్నాడే అడిగేవాళ్లు బయలుదేరతారు. నోటిమాట అనుమతిని నమ్మవద్దు. నేను ఒకసారి నమ్మి, సంజాయిషీ రాసుకున్నాను.

భాష విషయంలో కూడా జాగ్రత్త పడాలి. మన గుణుపురం, పర్లాకిమిడి తెలుగును అక్కడ రెండు విధాలుగా చూస్తారు. కొందరు తుడిచేయమంటారు, కొందరు హాస్యానికి వాడుకోబోతారు. రామప్పపంతులు పలుకు వేరు, శంకరశాస్త్రి పలుకు వేరు. ఒకటి విజయనగరం సీమ వాడుక, రెండవది సినిమా రచయిత జంధ్యాలగారు రాసిన శిష్టమైన తెలుగు. రెండింటినీ ఒకే నోరు తడబడకుండా పలికింది. మీరు పత్రికలో ఒక వార్తను రోజూ గట్టిగా శిష్టభాషలో చదివి, అదే వార్తను మీ అమ్మగారికి చెబుతున్నట్టు మన యాసలో మళ్లీ చెప్పండి. నేను నా శిష్యులందరిచేతా చేయించిన అభ్యాసం ఇదే. రెండు నెలలకు నాలుక విడివడుతుంది. అప్పుడు వాళ్లు ఏది అడిగితే అది ఇవ్వవచ్చు, వేళాకోళానికి అడిగితే కాదనవచ్చు.

కెమెరా ముందు నిలబడటం గురించి నేను చెప్పేదానికంటే అక్కడి సహాయ దర్శకుడు ఎక్కువ చెబుతాడు. ఒక్కటి మాత్రం నాటకం వైపు నుంచి చెప్పగలను. మనవాళ్లు తమ డైలాగు అయిపోగానే ముఖాన్ని దించేసి, తరువాతి డైలాగు కోసం లోపల వెతుక్కుంటారు. రంగస్థలం మీద అది దూరానికి తెలియదు. శంకరాభరణం చివరి ఘట్టంలో సోమయాజులు గారు కుప్పకూలిన తరువాత శిష్యుడు పాట అందుకుంటాడు. అప్పుడు ఆయన చేయవలసింది వినడం ఒక్కటే. ఆ ముఖంలో వినికిడి కనిపిస్తుంది, ఆ తరువాతే గండపెండేరం, అంటే విద్వాంసుడికి గౌరవంగా తొడిగే కాలి కడియం, శిష్యుడి కాలికి వెళుతుంది. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ఏమి చేయాలో తెలుసుకోవాలంటే ఆ అయిదు నిమిషాలను మాట లేకుండా, శబ్దం ఆపి చూడండి.

సోమయాజులు గారు 2004 ఏప్రిల్‌లో కన్నుమూశారు. రమణమూర్తిగారు 2016లో వెళ్లిపోయారు. కన్యాశుల్కాన్ని అంతకాలం ఒకే జంటగా మోసినవాళ్లు మళ్లీ రాలేదు. మీ సమాజం ఈ దసరాకు పౌరాణికం అనుకుంటున్నదని, మీకు అందులో భీష్ముడు ఖాయమని రాశారు. సీరియల్‌లో తాత, నాటకంలో భీష్ముడు అయితే ఏడాదంతా మీరు ఆశీర్వదిస్తూనే గడపవలసి వస్తుంది. భీష్ముణ్ణి మరొకరికి ఇచ్చి, కన్యాశుల్కం నుంచి ఒక గంట సేపటి భాగం తీసుకోమని మీ కార్యదర్శిని అడగండి. రామప్పపంతులు, మధురవాణి, కంటె తగాదా, అంతవరకు చాలు. ముగ్గురు నలుగురు మనుషులతో అయిపోతుంది, ఖర్చూ తక్కువే. ఒప్పుకుంటే ఆదివారంనాడు గుణుపురం రైలెక్కి మా ఊరు రండి. నా దగ్గర మా పాత ప్రదర్శన ప్రతి ఉంది, ఎక్కడ కత్తిరించామో పెన్సిలు గీతలతో సహా ఉంది. కుర్చీలో కూర్చొనే ప్రాంప్టింగ్ చెబుతాను.